తొమ్మిదిమంది పెద్దమనుషులు, ఒక ట్రాలీ ఆటో

కథలాపూర్ సామేలు ఆ శనివారానికి మొదట వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఎనిమిదింటికి ఊరి పెద్దమనిషి ఆగయ్యను బండిలో ఎక్కించుకుని కోరుట్ల వెళ్లాలి. మెకానిక్ రాజమౌళి చేత ఒక్క మాట వెనక్కి తీయించాలి. పదకొండుకల్లా తిరిగొచ్చి మక్కల బస్తాల కిరాయికి పోవాలి.

ఆ మాట ఏమిటో ముందే చెప్పుకుంటే మంచిది. సామేలు ట్రాలీ ఆటోకు రెండు నెలలుగా ఒక రోగం పట్టుకుంది. అరగంట ఏకబిగిన నడిచిందంటే చాలు, నడిరోడ్డు మీద ప్రాణం పోయినట్టు ఆగిపోతుంది. కాసేపు అటూ ఇటూ చూసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు కదులుతుంది. రాజమౌళి మూడుసార్లు చూశాడు. మొదటిసారి ఫిల్టర్ మార్చాడు, రెండోసారి డీజిల్ పంపు విప్పి కడిగాడు. మూడోసారి షెడ్డు చుట్టూ రెండు చక్కర్లు కొట్టి దిగి, అక్కడ టీ తాగుతున్న నలుగురి ముందు అనేశాడు: "బండి మంచిగనే ఉన్నది. నడిపెటోనికే నడుపరాదు."

సామేలు పద్దెనిమిదేళ్లు ఇతరుల బండ్లు తోలాడు. వాళ్ల నాన్న జీవితమంతా ఊరి దొర గోపాల్ రావు వాళ్లింట్లో జీతగాడిగా ఎడ్లబండి తోలాడు గానీ, ఆ బండీ తనది కాదు, ఆ ఎడ్లూ తనవి కావు. ఆ వంశంలో సొంత పేరు మీద ఆర్సీ ఉన్న మొదటి మనిషి సామేలే. అతన్ని పొట్టివాడని అనండి, నల్లవాడని అనండి, పాట రాదని అనండి, నవ్వి ఊరుకుంటాడు. బండి నడపడం రాదంటే మాత్రం నాలుగు రోజులు అన్నం సహించలేదు.

భార్య పుష్ప వేరే మెకానిక్ దగ్గరికి పొమ్మంది. కోరుట్లలో షెడ్లకు కరువా అంది.

"బండి సంగతి గాదే. మాట సంగతి. నలుగుట్ల అన్నడు, నలుగుట్లనే ఎనుకకు దీసుకోవాలె," అన్నాడు సామేలు.

నలుగురిలో అంటే పంచాయితీ. పంచాయితీ అంటే పెద్దమనుషులు. ఆగయ్య ఒక్కడు చాలని సామేలు అనుకున్నాడు గానీ ఆగయ్య ఒప్పుకోలేదు. ఒక్కడు పోతే దాన్ని పంచాయితీ అనరు, చుట్టపుచూపు అంటారని చెప్పి, చర్చి సంఘపెద్ద జైపాల్‌ను కలుపుకున్నాడు. జైపాల్ పద్ధతి గల మనిషి. చెప్పకుండా పోవడం మర్యాద కాదని రాజమౌళికి ఫోన్ చేసి, ఇద్దరం వస్తున్నామని చెప్పాడు. రాజమౌళి అట్నుంచి ఇద్దరిని పిలిచాడు. ఆ సంగతి తెలిసి ఆగయ్య ఒక రిటైర్డు కండక్టరును చేర్చాడు. రాజమౌళి సిరిసిల్ల నుంచి తన బావను రప్పించాడు. సామేలు వైపు ఒక మాజీ వార్డు మెంబరు పెరిగాడు. అటువైపు నాలుగో మనిషి పెరిగాడు. శుక్రవారం సాయంత్రానికి లెక్క నాలుగుకు నాలుగై, పరువు త్రాసు ఎటూ మొగ్గకుండా నిలబడింది.

అప్పుడు సామేలు గోపాల్ రావు గడప తొక్కాడు. నాన్న "దొరా" అన్న ఇంట్లో సామేలు "సార్" అన్నాడు. గోపాల్ రావుకు ఈ మధ్య ఎవరూ తీర్పులు అడగడం లేదు. అడగ్గానే ఖుషీగా ఒప్పుకుని, అందరం నా కారులో పోదామన్నాడు.

ఇక్కడే సామేలు గర్వం కొంప ముంచింది. పంచాయితీ పెట్టినవాడే పెద్దమనుషులను తీసుకుపోవాలి, తిండి పెట్టాలి, తిరిగి ఇంట్లో దింపాలి. అది ఊళ్లో నడిచే పద్ధతి. "వద్దు సార్. నాకు బండున్నది," అన్నాడు సామేలు. ఏ బండి నడవడం లేదని పంచాయితీ పెట్టాడో ఆ బండిలోనే పెద్దమనుషులను తీసుకుపోతున్నానన్న సంగతి అప్పుడతనికి తట్టలేదు. ఇంకెవరికీ తట్టలేదు కూడా.

శనివారం పొద్దున చర్చి నుంచి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ట్రాలీలో వేశారు. నలుగురూ వాటిలో కూర్చున్నారు. గోపాల్ రావు డ్రైవరు పక్కన సగం సీటులో ఇరుక్కున్నాడు. కండక్టరు అలవాటు చొప్పున తలకాయలు లెక్కపెట్టి, ట్రాలీ వెనక తలుపు, అదే డాలా మీద రెండు దెబ్బలు కొట్టి రైట్ అన్నాడు. నాన్న ఎవరి బండి తోలాడో ఆ మనిషి తన బండిలో, తన పక్కన! సామేలు ఛాతీ జానెడు పెరిగింది.

ఊరు దాటాక గానీ సంగతి బుర్రకెక్కలేదు. బండి ఆగకపోతే తన ఫిర్యాదు అబద్ధమవుతుంది. ఆగితే గోపాల్ రావు ముందు తల తీసేసినట్టవుతుంది. ఒక గుంతలో దిగినప్పుడు ఆగు తల్లీ అని మొక్కాడు. గుంత దాటగానే, ఆగకు తల్లీ అని మొక్కాడు.

బండి ఆగలేదు. పెద్దమనుషులే ఆపారు. గోపాల్ రావుకు షుగరు, ప్రతి మూడు కిలోమీటర్లకూ దిగాలి. ఆగయ్యకు బీడీ కావాలి. జైపాల్‌కు ఒక ఊళ్లో చుట్టాలు కనిపించారు, ఇంకో ఊళ్లో టీ కనిపించింది. ఆగిన ప్రతిచోటా సామేలు దిగి, టైర్లు తన్ని చూసి, మూత తీసి డీజిల్ చూసి, మళ్లీ ఎక్కాడు. అరగంట దారికి గంటన్నర పట్టింది. బండి మాత్రం వెన్నలో కత్తిలా పోయింది. "మంచిగున్నది సామేలూ నీ బండి," అని గోపాల్ రావు మెచ్చుకున్నాడు. సామేలుకు గర్వమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

షెడ్డులో రాజమౌళి తరఫు పెద్దమనుషులు నలుగురూ పాత టైర్ల మీద ఆసీనులై ఉన్నారు. ఆగయ్య గొంతు సవరించుకుని, బండి మాటిమాటికీ ఆగుతోందనీ, తప్పు మెకానిక్‌దనీ, మాట మాత్రం డ్రైవరు మీద పడిందనీ నిదానంగా విన్నవించాడు. రాజమౌళి అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"మీరు దేంట్ల అచ్చిండ్రు?"

ఐదుగురూ బండి వైపు చూశారు. బండి ఎండలో తళతళా మెరుస్తోంది.

"నడుమ చెడిపోయిందా?"

జైపాల్ సంఘపెద్ద కాబట్టి అబద్ధం ఆడలేక, లేదని ఒప్పుకున్నాడు. సిరిసిల్ల బావ తొడ మీద చరుచుకుని నవ్వాడు. సామేలు తల వంచుకున్నాడు. నాలుగు రోజుల కింద నలుగురి ముందు పోయిన పరువు ఇప్పుడు తొమ్మిదిమంది ముందు పోయింది. తనే కిరాయి లేకుండా మోసుకొచ్చి మరీ పోగొట్టుకున్నాడు.

రాజమౌళి అక్కడితో ఆగి ఉంటే గెలిచేవాడు. గెలుపు కూడా కల్లులాంటిదే, ఇంకో గ్లాసు తాగమంటుంది. అందరూ ఎక్కండి, జగిత్యాల రోడ్డు మీద నేనే తోలి చూపిస్తానన్నాడు. బండి నడపడమంటే ఎట్లుంటదో చూద్దురు గానీ అన్నాడు. తొమ్మిదిమందీ ఎక్కారు. సామేలు తన బండిలో తానే వెనకాల డాలా పట్టుకుని వేలాడాడు.

రాజమౌళి ఎక్కడా ఆపలేదు. గోపాల్ రావు మధ్యలో రెండుసార్లు భుజం తట్టినా, వచ్చేటప్పుడు సార్, అని ముందుకే ఉరికించాడు. అరగంట అయింది. మేడిపల్లి దాటింది. ఒక పసుపు చేను పక్కన బండి రెండుసార్లు తుమ్మి, ఆగిపోయింది.

గోపాల్ రావు తలుపు తెరుచుకుని చేను వైపు పరుగెత్తాడు. రాజమౌళి సెల్ఫ్ కొట్టాడు. పైపు ఊపాడు. పంపు మీద గుద్దాడు. దిగి నూకమన్నాడు. పెద్దమనుషులంతా, పంచెలు కట్టినవాళ్లు పంచెలు ఎగ్గట్టి, ప్యాంట్లు వేసినవాళ్లు కండువాలు తలకు చుట్టి, నూరు గజాలు నూకారు. బండి కదిలింది గానీ ఇంజను కదలలేదు. కండక్టరు అలవాటు కొద్దీ హోల్డాన్ అన్నాడు. అందరూ అక్కడే చతికిలబడ్డారు.

"నడిపెటోనికి నడుపరాదా ఏంది?" అన్నాడు ఆగయ్య, ఎవరితోనూ కాదన్నట్టు.

రాజమౌళి చెవులు ఎర్రబడ్డాయి. దిగొచ్చి తాళంచెవి సామేలు చేతిలో పెట్టాడు. "సామేలన్నా, నాతోని అయితలేదు. నీకు నడపస్తది. నేను గా మాట అనకపోవాల్సింది."

అంతలో చేను నుంచి తిరిగొచ్చిన గోపాల్ రావు రోడ్డు పక్కన కుర్చీ వేయించుకుని తీర్పు చెప్పాడు. మాట వాపసు తీసుకున్నట్టే, సామేలు గెలిచినట్టే, దీని మీద ఇక ఎవరూ మాట్లాడవద్దు. సామేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నూరు గజాల రోడ్డూ తన పేరు మీద పట్టా అయినట్టు నడిచి వెళ్లి, డీజిల్ ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు.

ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది.

ఇంతవరకూ సామేలుకు కూడా ఒక సంగతి అని తోచని సంగతి ఇప్పుడు చెప్పాలి. రెండు నెలల కింద ఎవరో బండిలోంచి డీజిల్ దొంగిలించారు. సామేలు పాత మూత తీసి పారేసి, తాళం ఉన్న కొత్త మూత ముచ్చటపడి పెట్టించాడు. పాతదానికి గాలి పోవడానికి సన్నని చిల్లు ఉండేది. కొత్తదానికి లేదు. బిగించినకొద్దీ ట్యాంకులోకి గాలి ఆడదు, గాలి ఆడకపోతే డీజిల్ దిగదు. ఆగినప్పుడల్లా తనే మూత తీసి చూశాడు, అందుకే మళ్లీ స్టార్ట్ అయింది. పొద్దున పెద్దమనుషులు ఆపిన ప్రతిచోటా తనే మూత తీశాడు, అందుకే అసలు ఆగలేదు.

ఆ బుస్సు విన్నది సామేలు ఒక్కడే. మూత బిగించి నోరు మూసుకుంటే సరిపోయేది. ఒక్క క్షణం మూసుకున్నాడు కూడా. కానీ ఇట్లా దాచుకున్న గెలుపుతో రేపటి నుంచి ఆ సీటులో నిటారుగా కూర్చోలేననిపించింది. మూత చేత పట్టుకుని తొమ్మిదిమంది ముందుకొచ్చాడు.

"తప్పు రాజమౌళిది గాదు. గీ మూత నేను వెట్టిచ్చిందే. దీనికి చిల్లు లేదు," అన్నాడు.

రాజమౌళి మూత తీసుకుని తిప్పి చూశాడు. "మూడుసార్లు జూసిన గని, గిది ఒక్కసారి దియ్యలే. తప్పు నాదే అన్నా." కాదు నాదంటాడు సామేలు. నాదంటాడు రాజమౌళి. ఇద్దరూ తప్పు కోసం గుంజుకుంటుంటే పెద్దమనుషులకు ఒళ్లు మండింది.

"తీర్పు అయినంక నిజం జెప్పుడేంది?" అన్నాడు గోపాల్ రావు. "మేం గింతమందిమి ఎండల బండి నూకి జెప్పిన తీర్పది. మార్చేది లేదు. నువ్వు గెలిచినవంటే గెలిచినవ్. నడువు, ఆకలైతున్నది."

సామేలు సీటు ఎక్కి తాళం తిప్పాడు. బండి ఒక్క దెబ్బకు అందుకుంది. రాజమౌళి ఎవరూ చెప్పకుండానే వెనక్కి పోయి డాలా పట్టుకుని నిలబడ్డాడు. కోరుట్ల చేరాక షెడ్డులో మూతకు మేకుతో చిల్లు పొడిచాడు.

అప్పటినుంచి సామేలు బండి దారిలో ఎక్కడా ఆగలేదు, పెద్దమనుషులు చెయ్యెత్తినా సరే.