వలతలుపుల మహాసమరం

నైలునదీజలములు సాగరమున కలిసి తమ తీపిని పోగొట్టుకొను చోట, మత్స్యగంధముచే దశదిశలును ముక్కు మూసుకొను ఎజ్బత్ అల్-బుర్జ్ రేవున, శీతకాలారంభమున, గాలి కొంచెము దయదలచిన ఒకానొక ఉషఃకాలమున, సరంగులలో సింహమును, తారుమరకల అంగీధారియును, సముద్రమును బెదరించి ఇంట భార్యకు బెదరువాడును అగు బస్యూనీంద్రుడు తన మరబోటు వెనుకతట్టున నిలిచి ఘోరశపథమునకు గొంతు సవరించుకొనెను.

వల నోటిని నీటి అడుగున విప్పి ఉంచునవి రెండు తలుపులు. బస్యూనీ స్వహస్తములతో చెక్కిన బల్లపరుపు కొయ్యతలుపులు ఒక పక్షము. బోటులో సగము వాటాదారుడును, అతని భార్యకు తమ్ముడును అగు జగ్లూలుడు తెచ్చిన వంపు తిరిగిన ఇనుపతలుపులు రెండవ పక్షము. వలను ఎక్కువ విప్పిన జత బోటున నిలుచును. ఓడినది కాఫీకొట్టు ముందు బెంచీలై, గెలిచినవాని పిరుదుల క్రింద చలికాలమంతయు పడియుండును.

"నా కొయ్య ఓడిందా, నా పెళ్ళానికి తలాక్!" అని బస్యూనీ గర్జించెను.

"ఆవిడ మా అక్క బావా! నువ్వు ఓడితే వచ్చి పడేది మా ఇంట్లోనే. ఇంకేదైనా ఒట్టు పెట్టుకో."

"సరే. మీసం మీద ఒట్టు!"

ఒకరి చేతిని మరొకరు నమ్మనందున, బోటు వెనుక వలను లాగు ఇనుపతాళ్ళ నడుమ ఎడమును కొలుచు భారము వంటవాడైన ఫర్గలీపై పడెను. ఎడము ఎంత పెరిగిన, వల నోరు అంత విప్పుకొనినట్లు.

తొలుత ఇనుపతలుపులు పిడుగులవలె మునిగెను. ఫర్గలీ జానలు వేసి, "నాలుగు" అనెను.

"విన్నావా బావా? కాఫీకొట్టుకి నాకో మెత్త తెచ్చిపెట్టు."

కాని పైకి లాగగా ఇనుపతలుపులు నడుము దాకా ఒండ్రుబురద పూసుకొని వచ్చెను.

"ఇదేం తలుపురా, గేదెలా పొర్లొచ్చింది!"

"పొర్లినా నాలుగే!"

పిమ్మట అదే దారిని కొయ్యతలుపులు బురదపై తేలికగా జారుచు సాగెను. ఫర్గలీ ఒకటి, రెండు, మూడు, నాలుగు జానలు వేసి, కనుబొమలు ముడిచెను. "ఇంకా ఏదో మిగిలింది."

"చెయ్యి ముడిచి జాన తగ్గించావు! నిన్న ఫూల్ గింజల కూరలో ఉప్పెక్కువైందన్నాననేగా?" అని జగ్లూలుడు విరుచుకుపడెను.

"వల్లాహీ, దేవుడి తోడు, ఆ కోపం వేరే. ఇది కొలత."

మిగిలిన సందున బొటనవ్రేలు పట్టలేదు. చూపుడువ్రేలును పట్టలేదు. ఊపిరి బిగబట్టిన ఇరుపక్షముల సమక్షమున ఫర్గలీ చిటికెనవ్రేలు పట్టెను.

నాటి సాయంకాలము ఇనుపతలుపు కాఫీకొట్టు ముందు ఉబ్బు పైకి చేసుకొని బోర్లపడెను. బస్యూనీంద్రుడు దానిని అధిష్ఠించెను. అధిష్ఠించిన వెంటనే జారెను. జారుచునే కాళ్ళు తన్నిపెట్టి మరల అధిష్ఠించెను.

"సుఖంగా ఉందా బావా?"

"సింహాసనంరా!" అని పళ్ళబిగువున పలికి, ఆ వీరుడు టీ చుక్కయైనను ఒలకనీక త్రాగి ముగించెను.

ఇట్లు చిటికెనవ్రేలి మందమున కొయ్య జయించెను, మీసము నిలిచెను, జగ్లూలుని అక్క కాపురము ముందే నిలిచియుండెను. సముద్రమునకు మాత్రము ఈ సంగతి ఇంతవరకు తెలియదు.