వెంకటదుర్గ అడిగిన అరుగు

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, జగదీశ్వరరావు ఇంటి ముందు అరుగు కోసం కొలతలు వేయడానికి బయటికొచ్చాడు. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు ఆర్కిటెక్టుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కడెక్కడి ఊళ్లకో స్టేషన్లు గీశాడు, ముక్కూ మొహం తెలియని జనం కూర్చోవడానికి బెంచీలు గీశాడు. సొంత ఊరు నర్సీపట్నం వాళ్లు మాత్రం రైలెక్కడానికి ఇప్పటికీ తుని పోతారు. పెళ్లయిన కొత్తలో భార్య వెంకటదుర్గ అడిగిన అరుగు కూడా రేపు, రేపు అంటూనే ఉండిపోయింది. ఇప్పుడామె మోకాళ్లు గడప మీద కూర్చోనివ్వడం లేదు. అది తలుచుకుంటే ఆయనకు సిగ్గేస్తుంది.

అలవాటు కొద్దీ, రైలు లైను సర్వేకి వేసినట్టే కర్రమేకులకు ఎరుపూ తెలుపూ రంగులేసి పాతి, సున్నంతో గీత లాగాడు. పక్కింటి భీమన్న గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏటండీ ఆ కొలతలు?"

"ప్లాన్ ఖాయమయ్యేదాకా బయటికి చెప్పకూడదు" అనేశాడు జగదీశ్వరరావు. సర్వీసంతా చెప్పి చెప్పి నోటికి పట్టేసిన మాట.

భీమన్నకు అంతకన్నా ఏం కావాలి? పది గంటలకల్లా టీకొట్టు దాకా రైలు వచ్చేసింది. మధ్యాహ్నానికి గొలుగొండ రైతులు మోటారు సైకిళ్ల మీద దిగారు.

"మా సెరుకు తోట మీంచి లైనెయ్యకండి బాబూ."

"లైను కాదయ్యా, మా ఆవిడకి అరుగు."

"ఆపీసర్లు అలాగే సెప్తారు" అన్నాడు భీమన్న.

వాళ్లలో సోములనే ముసలాయన మెల్లిగా అడిగాడు. "పోనీ, మనూరికి టేసనుంటే ఎలాగుంటాది బాబూ?"

అన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. అరుగు ప్లాను తిరగేసి, వెనకవైపు గీయడం మొదలుపెట్టాడు. జీడితోట నీడలో వెయిటింగ్ హాలు, కొండ నుంచి వచ్చేవాళ్లు బుట్టలు దించుకోవడానికి తిన్నె. తలెత్తేసరికి సాయంత్రమైంది.

ఈలోగా స్టేషను కాంట్రాక్టు మీద ఆశతో తాపీమేస్త్రి అప్పలకొండ, అరుగు కోసం తెప్పించిన ఇటుకలూ సిమెంటూ వాడేసి, ఆ మేకుల మధ్య నమూనా కట్టేశాడు.

"సూసుకోండి సార్. అచ్చం ప్లాట్‌ఫారం ఎత్తు. మనిషిని తునికి పంపించి మరీ కొలిపించేను."

రైలు రాదని ఒట్టేసి చెప్పాక జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు. వెంకటదుర్గ వచ్చి చూసింది. అరుగు ఆమె నడుమెత్తున ఉంది. ఒకసారి ఎక్కబోయి, మోకాలు పట్టుకుని ఆగిపోయింది.

"కూకోడానికి అడిగితే, ఎదురుసూడ్డానికి కట్టించేరేటండీ?"

"తప్పు నాదే దుర్గా" అన్నాడాయన తల దించుకుని. "రేపు మెట్టు వేయిస్తాను."

ఆ రేపు సంగతి బాగా తెలిసిన మనిషి గనక, వెంకటదుర్గ లోపలికెళ్లి కుర్చీ తెచ్చుకుంది.