ఈరవ్వ పక్కన కూలర్

బోధన్ పట్టణ, పరిసర గ్రామాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గత ఏడాది కాలంలో ఈ ప్రాంతపు ఫోటోలలో కుటుంబ తగాదాలు పూర్తిగా సమసిపోయాయి. మాట్లాడుకోని అన్నదమ్ములు గానీ, మొహాలు చూసుకోని వియ్యంకులు గానీ ఇప్పుడు ఒకే ఫోటోలో ఎక్కడా కనిపించరు. ఇంతటి శాంతిని నెలకొల్పిన ఘనత మాజీ చెరుకు తూకం గుమాస్తా దేవిదాస్‌ది.

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక దేవిదాస్‌కు తూకం వేయడానికి చెరుకు లేకుండా పోయింది. చేతులు ఊరుకోవు కదా, పాత కంప్యూటర్‌లో జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. దాని గుర్తు నోట్లో కుంచె పట్టుకున్న ఏదో జంతువు. అది నక్కా, కుక్కా అని భార్య వసంతమ్మ అడిగిన ప్రశ్నకు ఆయన దగ్గర నేటికీ జవాబు లేదు.

హిందీ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. మొదటి నెలంతా ఒకదానిమీద ఒకటి పరిచే బొమ్మ పొరల్లో ఏ పొర మీద ఉన్నాడో తెలియక, గీసిన గీత కనిపించక, కంప్యూటర్‌ను తిట్టాడు. రెండో నెలలో ఫోటోలో ఒకచోటి గోడను తీసి ఇంకోచోట అద్దే పనిముట్టు చేతికి చిక్కింది. మనిషి మీద గోడ అద్దితే మనిషి పోయి గోడ మిగులుతుంది. మూడో నెలలో ఆయన ఉచిత చిత్ర సవరణ అభిరుచిపరుల సంఘం స్థాపించి, అధ్యక్షుడై, మిగతా నలుగురు సభ్యులకు గురువయ్యాడు. సభ్యులు మొదట ఆకాశంలోని కరెంటు తీగలు తుడిచేవారు. తీగలు అయిపోయాక మనుషులకు వచ్చారు.

మొదటి దరఖాస్తుదారు రామస్వామి. ఫోన్‌లో తల్లి ఈరవ్వ ఫోటో తెచ్చాడు. ఆమె పోయి నాలుగు నెలలైంది. వాకిట్లో కుర్చీలో ఈరవ్వ, ఇరుపక్కలా కింద కూర్చున్న ఇద్దరు కొడుకులు, వాళ్ల భుజాల మీద ఆమె రెండు చేతులు. జన్మలో ఆమె పళ్లు కనిపించేలా నవ్విన ఫోటో అదొక్కటే. తమ్ముడు లక్ష్మీరాజంతో రామస్వామికి పొలం సరిహద్దు గెట్టు దగ్గర పంచాయితీ నడుస్తోంది.

"దేవన్నా, గీన్ని తీసెయ్యి. గెట్టు జరిపినోడు అవ్వ పక్కన ఎట్ల కూసుంటడు?"

దేవిదాస్‌కు మనసులో కొంచెం కలుక్కుమంది. చెరుకు బండి వెంట తూకానికి వచ్చినప్పుడల్లా ఈరవ్వ ఆయనకు జొన్నరొట్టె పెట్టేది. అయినా కళ కళే. రెండు సాయంత్రాల్లో లక్ష్మీరాజాన్ని తుడిచేశాడు. ఈరవ్వ చెయ్యి మాత్రం గాలిలో వేలాడింది. సంఘం అత్యవసరంగా సమావేశమై, భుజమెత్తు వస్తువు ఒకటి తక్షణం అవసరమని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒక ప్రకటనలోని కూలర్ కొలతకు సరిగ్గా సరిపోయింది. ఈరవ్వ కూలర్ మీద ఆప్యాయంగా చెయ్యి వేసి నవ్వుతుంటే, తనకు గాలి తగిలిందని ఒక సభ్యుడు సాక్ష్యం చెప్పాడు.

నాలుగో రోజు లక్ష్మీరాజం దొడ్డిదారిన వచ్చాడు. అదే ఫోటో, అదే కోరిక, తీసేయాల్సింది మాత్రం అన్నను. గోప్యత సంఘం ప్రాణం గనుక దేవిదాస్ ఏమీ ఎరగనట్టు ఒప్పుకున్నాడు. రామస్వామి పొట్టివాడు గనుక ఆయన స్థానంలో గ్యాస్ సిలిండర్ చక్కగా కుదిరింది.

ఇక దేవిదాస్ పేరు జిల్లా అంతా పాకింది. ఇందల్వాయి పెళ్లి ఫోటో ఒకటి ఇరుపక్షాల చేతా వంతులవారీగా సవరణ పొంది, చివరికి అందులో పురోహితుడు ఒక్కడే మిగిలాడు. ఆయన దాన్ని ముచ్చటపడి అడిగి తీసుకున్నాడు. నిజామాబాద్‌లో దేవిదాస్‌కు సన్మానం జరిగింది. సంఘం కార్యదర్శి పరమేశ్వర్ శాలువా కప్పి ఉపన్యసించాడు:

"పూర్వం ఒక మనిషిని చుట్టరికంలోంచి తొలగించాలంటే పెద్దమనుషులు, సాక్షులు, తరాల కాలం కావలసి వచ్చేది. మన అధ్యక్షులవారు ఆ సౌకర్యాన్ని సామాన్యుడి ముంగిట్లోకి, అదీ పూర్తి ఉచితంగా, తీసుకొచ్చారు."

ఇక్కడ సంఘం పనితీరు గురించి ఒక మాట. జింప్ ప్రతి పనికీ పొరలన్నీ దాచిన ఫైలు ఒకటి పెడుతుంది. అడుగు పొరలో అసలు మనిషి చెక్కుచెదరకుండా ఉంటాడు. కానీ ఆ ఫైలు వాట్సాప్‌లో తెరుచుకోదు. వాట్సాప్‌లో తెరుచుకోనిది ఫైలే కాదని సంఘం తీర్మానించింది. కాబట్టి ప్రతి ఆదివారం వాటన్నింటినీ, అసలు ఫోటోలతో సహా, శుభ్రంగా తుడిచేసేవారు.

ఇంతలో సర్వేయర్ వచ్చి గొలుసు పట్టి, గెట్టు అన్నదీ కాదు, తమ్ముడిదీ కాదు, కాలువదని తేల్చాడు. కొట్లాటకు కారణం పోయింది. ఈరవ్వ సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందు అన్నదమ్ములిద్దరూ ఒకే మోటారు సైకిల్ మీద వచ్చారు. అసలు ఫోటోను తామే తుడిచేసుకున్న సంగతి దాచి, ఫోన్లు ఖరాబైనయని ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పి, గోడకు పెట్టడానికి అసలు ఫోటో ఇమ్మన్నారు. అవ్వ పక్కన ఇద్దరమూ కనిపించాలన్నారు.

దేవిదాస్ కంప్యూటరంతా వెతికాడు. ఏమీ లేదు. ఈరవ్వ నవ్వును తన చేతులతోనే పాడుచేశానని తెలిసి, కంప్యూటర్‌లోని చెత్తబుట్ట కూడా తిరగేశాడు. అంతలో ఉపాయం తట్టింది. ఆ సంతోషంలో గోప్యత మాట మరిచిపోయాడు.

"రామస్వామన్నా, నువ్వు కూలర్ ఫోటో ఇయ్యి. లక్ష్మీరాజం, నువ్వు సిలిండర్ ఫోటో ఇయ్యి. రెండు పొరలేసి కలిపిన్నంటే అవ్వ పక్కన ఇద్దరు మళ్ల వస్తరు."

ఫోన్లు బయటికి వచ్చాయి, చేతులు మారాయి. రామస్వామి సిలిండర్‌ను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"నిన్ను నేను కూలర్ జేసిన. గింత ఇజ్జతిచ్చిన. నువ్వు నన్ను సిలిండర్ జేస్తవారా?"

కూలర్ ఎండాకాలం దాటితే అటక మీదికేనని, సిలిండర్ పన్నెండు నెలలూ పనికొస్తుందని తమ్ముడు వాదించాడు. గెట్టు కన్నా ఇది పెద్ద పంచాయితీ అయింది. అవతలివాడు ఉంటే తల్లి ఫోటో ముందు దీపం కూడా పెట్టనని ఇద్దరూ ప్రమాణం చేశారు. పెద్దమనుషులు కూర్చుని, ఇద్దరికీ సమన్యాయంగా ఇద్దరినీ తీసేయమని తీర్పిచ్చారు. దేవిదాస్ రెండు పొరలు కలిపాడు, కాకపోతే మనుషులను వదిలేసి ఒకదాంట్లోంచి కూలర్‌ను, ఇంకోదాంట్లోంచి సిలిండర్‌ను ఉంచాడు.

సంవత్సరీకం నాడు గోడ మీద దండ వేసిన ఫోటోలో ఈరవ్వ ఒక చెయ్యి కూలర్ మీద, ఇంకో చెయ్యి సిలిండర్ మీద వేసి పళ్లు కనిపించేలా నవ్వుతోంది. దేవిదాస్ దాని ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. ఆమె చివరి రొట్టె దాకా కట్టెల పొయ్యి మీదే కాల్చిందని, ఎండాకాలాలన్నీ కొంగుతో విసురుకునే గడిపిందని ఆయనకు తెలుసు. భోజనాలు ముగించిన బంధువులు మాత్రం ఫోటోకు దండం పెట్టి, ఎంత అదృష్టవంతురాలు, కొడుకులు తల్లికి ఏ లోటూ చేయలేదని చెప్పుకున్నారు. ముగ్గురు నలుగురు తమ తల్లుల ఫోటోలు ఎప్పుడు తెమ్మంటావని దేవిదాస్‌ను పక్కకు పిలిచి అడిగారు. ఒకాయన ఫ్రిజ్ కూడా పడుతుందా అని కనుక్కున్నాడు. ఆయన తల్లి ఇంకా బతికే ఉంది.