మా ఇంటి కంప్యూటరుకు డబుల్ లాక్

మనిషి ఇంటికి కంప్యూటరు తెచ్చుకున్న రోజున ఇంట్లో ఒక ప్రభుత్వ శాఖను ప్రారంభించినట్టే. తక్కిన శాఖలకు మంత్రి ఉంటాడు, మా ఇంట్లో శాఖకు మామగారు ఉన్నారు. అంతే తేడా.

మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు. గోడౌనులో ఎప్పుడూ నాలుగు లారీల సరుకుంటుంది. దానికి తాళం ఒకటి. తాళంచెవి మేకుకి వేలాడుతుంది. ఆ మేకు ఎక్కడుందో బజారందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లలో ఒక్క ఉల్లిపాయ పోలేదు (కుళ్లినవి దొంగతనం కిందికి రావు). ఈ అనుభవంతో కంప్యూటరు భద్రత గురించి నేనొక మాట చెప్పబోతే, మామగారు మల్లికార్జునరావుగారు చెయ్యెత్తి ఆపారు. ఆయన సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరయి మా మేడమీద ఉంటున్నారు.

"మీది సరుకండీ, అల్లుడుగారూ. ఇది రికార్డు."

అసలు ఆ కంప్యూటరు కొన్నది మా ఆవిడ దుర్గాభవాని కోసం. ఆవిడ చింతలపూడి అవతల ఒక ఊళ్లో టీచరు. చీకటితో లేచి రెండు బస్సులు మారి వెళ్తుంది, మళ్లీ రెండు మారి వస్తుంది. రోజుకి ఆరు గంటలు. ఎనిమిదేళ్లకి ఎంతయిందో ఒకసారి లెక్కవేశాను. పగలూ రాత్రీ కలిపి నాలుగువందల నలభై రోజులు బస్సులోనే కాపురం ఉంది. 2007లో పెదపాడులో ఖాళీ వచ్చింది. రైలెక్కితే గంటన్నరలో బడి. బదిలీ ఫారం కంప్యూటరులోనే నింపాలి, చేతిరాత చెల్లదు, ఆఖరు తేదీ శనివారం సాయంత్రం అయిదు. ఈ అవకాశం తప్పితే మళ్లీ మూడేళ్లు.

కంప్యూటరును సిద్ధం చేసింది స్టేషను దగ్గర షాపు క్రాంతి కుమార్. ఒకదానికి వైరస్ వస్తే రెండోది చార్జి తీసుకోవాలని మామగారు పట్టుబట్టడంతో అందులో విండోస్, లినక్స్ రెండూ ఎక్కించాడు. ఆచరణలో విండోస్ లేచేసరికి పదకొండు నిమిషాలు పట్టేది, లినక్స్ చటుక్కున లేచేదిగానీ ప్రింటరును గుర్తుపట్టేది కాదు. అయినా మామగారికి లినక్స్ మీదే గౌరవం. అందులో నల్లతెర మీద పాస్‌వర్డు కొడితే చుక్క కూడా పడదు. ముప్పైయేళ్ల సర్వీసులో ఇంత గోప్యత తను చూడలేదన్నారు.

ఆ తర్వాత ట్రెజరీలో స్ట్రాంగ్ రూముకి ఉండే పద్ధతి మా హాల్లోకి వచ్చింది. అక్కడ తలుపుకి రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. ఒకరి తాళంచెవి ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ ప్రకారం మా పాస్‌వర్డు పన్నెండు అక్షరాలు. మొదటి ఆరూ మామగారివి, తర్వాతి ఆరూ నావి. ఆయన కొడుతుంటే నేను గోడవైపు తిరగాలి, నేను కొడుతుంటే ఆయన తిరగాలి. తప్పు పడితే ఎవరి సగంలో పడిందో తేల్చడానికి ఉమ్మడి విచారణ. దుర్గాభవానికి ఏ సగమూ తెలియకూడదు. ఆవిడ పార్టీ, అంటే పనిబడి వచ్చిన మనిషి. పార్టీ చేతికి తాళం ఇచ్చే ఆఫీసు ప్రపంచంలో లేదట. ఆవిడ రిజిస్టరులో వచ్చిన వేళ, వచ్చిన పని రాసి కూర్చోవాలి. పెన్ డ్రైవ్ పెట్టే రంధ్రాలకి మామగారు లక్క కరిగించి సీలు వేశారు. (కంప్యూటరుకి గాలి ఆడే రంధ్రాలకి కూడా వెయ్యబోతే క్రాంతి కుమార్ చేతులు పట్టుకున్నాడు.)

మంగళవారానికి ఫారం పూర్తయింది. ప్రింటు తియ్యబోతే కరెంటు పోయి కంప్యూటరు ఆరిపోయింది. మళ్లీ తెరవాలంటే రెండు సగాలూ కావాలి. బుధవారం తెల్లవారుజామున మామగారు ఏలూరులో కంటి ఆపరేషనుకి బయల్దేరి వెళ్లిపోయారు, మొదటి ఆరు అక్షరాలతో సహా.

ఫోన్ చేస్తే, ఫోన్లో చెప్పేవి కావన్నారు. మళ్లీ మొదట్నించి నింపుదామంటే సర్వీసు పుస్తకం బళ్లో ఉంది, దాని బీరువా తాళం హెడ్మాస్టరుగారి దగ్గరుంది, హెడ్మాస్టరుగారు సెలవులో ఉన్నారు. గురువారం నేనే రైలెక్కాను. కంటికి కట్టుతో పడుకునే మామగారు వివరించారు. చార్జి అప్పగించవచ్చునట. కానీ రెండో తాళం ఉన్నవాడికి మొదటిది ఇస్తే డబుల్ లాక్ ఎక్కడిది? అంచేత నాకు కుదరదు. అమ్మాయికి అసలే కుదరదు. ఏ సంబంధమూ లేని పెద్దమనిషి కావాలి.

పక్క మంచం మీద మండవల్లి చేపల చెరువుల ఆసామి నరసరాజుగారు ఉన్నారు. ఆయనకీ ఒక కంటికి కట్టే. సంబంధం లేదన్నది స్పష్టంగా ఉంది. చార్జి అప్పగింత కాగితం మూడు కాపీల మీద సంతకాలయ్యాయి. మామగారు ఆయన చెవిలో ఆరు అక్షరాలు చెప్పారు. నేను గోడవైపు తిరిగాను, అలవాటయిపోయింది.

నరసరాజుగారిని డాక్టరు వారం దాకా ప్రయాణం చెయ్యొద్దన్నారు. నాకు చెప్పమని బతిమాలాను.

"ఎలా చెబుతానండీ? సంతకం పెట్టేశాను కదా," అన్నారాయన.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి క్రాంతి కుమార్‌ని పిలిచాను. అతను జేబులోంచి ఒక సీడీ తీశాడు. అది పెడితే లినక్స్ ఆ సీడీ మీంచే లేస్తుందట. లేచి, విండోస్‌ని నిద్రలేపకుండా దాని అరలన్నీ తెరిచి చూపించింది. నాలుగు నిమిషాలు. ఫారం కనిపించింది. లక్క సీలు ఒకటి మేకుతో గీకి, పెన్ డ్రైవ్ గుచ్చి, షాపులో ప్రింటు తీశాడు.

"మరి పాస్‌వర్డు?" అన్నాను.

"అది ఇంట్లోవాళ్లకేనండీ. బయటివాళ్లకి అవసరం పడదు."

నాలుగూ నలభైకి దుర్గాభవాని ఏలూరులో బదిలీల విభాగంలో ఫారం ఇచ్చి రసీదు తీసుకుంది. తిరుగు రైల్లో, పెదపాడు బడిలో తొమ్మిదింటికి గంట కొడతారో తొమ్మిదీ పావుకో అని రెండుసార్లు నన్నే అడిగింది.

మంగళవారం మామగారు వచ్చారు. నల్లకళ్లద్దాలు తీసి, భూతద్దం పెట్టి, పగిలిన లక్కను పది నిమిషాలు చూశారు. మేడమీదికి వెళ్లి బదిలీల విభాగానికి ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపారు. ఫలానా ఫారం సీలు పగలగొట్టి, చార్జిలో ఉన్న అధికారి లేకుండా బయటికి తీసినదనీ, విచారణ తేలేవరకు దానిమీద చర్య నిలిపివెయ్యాలనీ.

"నా ఫారంలో ఒక్క అబద్ధం ఉందా నాన్నా?" అని అడిగింది దుర్గాభవాని.

"ఒక్కటీ లేదమ్మా. అన్నీ నిజాలే. తీసిన పద్ధతే బాలేదు."

ఆవిడ తెల్లవారే బస్సుకోసం గడియారానికి అలారం పెట్టుకుంది.

తర్వాత ఆ విభాగంలో గుమాస్తా ఒకాయన నాతో మెచ్చుకోలుగా చెప్పాడు. ఆ ఏడు బదిలీల మీద మొత్తం పదకొండు వందల కాగితాలు వచ్చాయట. వచ్చిన రోజునే చర్య తీసుకున్నది మామగారి ఉత్తరం ఒక్కదాని మీదేనట.