అమ్మ వేషం కట్టిన పప్పుగుత్తి

మీరంతా నవ్వుతారని తెలిసే చెబుతున్నానప్పా! మా అమ్మ తద్దినానికి ఆమెను మళ్లీ వంటింట్లో నడిపించాలనుకున్నాను.

అమ్మ పోయేనాటికి మా జాహ్నవి చంటిపిల్ల. మొన్న ఉన్నట్టుండి, "అవ్వ ఎట్ల నడిసేది నాయనా?" అని అడిగింది. చూపిద్దామంటే ఒక్క వీడియో లేదు. ఉన్నదల్లా ఎవరి పెళ్లిలోనో బిగుసుకుని నిలబడ్డ ఫోటో.

వస్తువును కాస్త జరపడం, ఫోటో తీయడం, మళ్లీ జరపడం. ఆ ఫోటోలన్నీ వరసగా తిప్పితే వస్తువు దానంతటదే నడుస్తుందని ఫోన్లో చూశాను. అమ్మ వేషానికి ఆమె వాడిన పప్పుగుత్తినే ఎంచుకున్నాను.

ఇక వంటింటి గట్టు ఖాళీ కావాలి. మా ఆవిడ లోకేశ్వరి దగ్గరికి పోయి తీయగా అన్నాను.

"ఈ పొద్దు వంటొద్దులే. నువ్వు రెస్టు తీసుకో."

"ఏమయ్యా, జరమేమన్నా వచ్చిండాదా?"

"జరం కాదే, ప్రేమ!"

"ఇన్నేండ్లు యాడికి పోయినాదో!"

తలుపేసుకుని పనిలోకి దిగాను. పప్పుగుత్తి నిలబడితేగా! రాత్రి మిగిలిన రాగి సంగటి ముద్దలో గుచ్చాను. బ్రహ్మాండంగా నిలబడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మధ్యాహ్నానికి ఆ సంగటి ఎండి గట్టుకు అతుక్కుపోయింది. పీకబోతే మోచెయ్యి తగిలి, పక్కకు జరిపిన చింతపులుసు గిన్నె కింద ఒలికింది. అందులో జారి పోపులపెట్టె మీద పడ్డాను. ఇల్లంతా ఆవాలే.

చప్పుడుకు తల్లీకూతుళ్లు పరుగెత్తుకొచ్చారు. చేసేది లేక, తీసినంతవరకు చూపించాను.

"ఇది అవ్వా, పోలీసా?" అంది జాహ్నవి.

నిజమే, పప్పుగుత్తి కవాతు చేస్తోంది. కన్నతల్లి నడకే నాకు గుర్తులేదని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చి, పోయి ముసుగుతన్ని పడుకున్నాను.

సాయంత్రం జాహ్నవి లేపి ఫోన్ చేతిలో పెట్టింది. "అమ్మ జరిపింది, నేను ఫోటోలు తీసినా. సూడు నాయనా!"

పప్పుగుత్తి ఎడమకు ఒరుగుతూ పొయ్యి దగ్గర్నుంచి బయల్దేరింది. గట్టు చివరిదాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగొచ్చి, పొయ్యి ఆర్పిందో లేదో చూసుకుని మళ్లీ కదిలింది. అమ్మే! అచ్చం మా అమ్మే!

"నీకెట్ల తెలుసే?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"ఆమె ఎనకాలే కదా నేను తిరిగింది! నువ్వు ఎప్పుడు సూసినా అన్నం తట్ట ముందర కూసోనుంటివి," అంది లోకేశ్వరి.

మాట మార్చాలి కదప్పా! "మరి గట్టు మూల ఆ పచ్చడి రోలేంది, అడ్డంగా? తీసేయకపోయినారా?" అన్నాను.

"అది నువ్వే నాయనా!" అంది జాహ్నవి. "అమ్మే పెట్టమనింది. అదే అన్నిటికన్నా సులువు. ఒక్క ఫోటోకి కూడా దాన్ని జరిపే పనే లేకపాయ."