హద్దురాయి అమ్మవారు

మనిషి పాతిన రాతిలోకి దేవత ఎప్పుడు వస్తుంది? కుంకుమ పెట్టినప్పుడా, ఎవరైనా దణ్ణం పెట్టినప్పుడా? ఈ సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. వేంకటరమణమూర్తి పంతులుగారి చేలో జరిగింది చూశాక అది తీరకపోగా మరికాస్త పెరిగింది.

పొలసర పక్కన పంతులుగారికి రెండెకరాల పెసర చేను. ఆ ఏడు అందులో ఒక చూలు లేడి చేరింది. లేడి మసలిన చేను చల్లగా ఉంటుందని ఆ పక్క నమ్మకం. ఎవరూ దాన్ని అదిలించరు. కాని బరంపురం నుంచి కంట్రాక్టరు అప్పలస్వామినాయుడు ప్రతి ఆదివారం తుపాకీతో వచ్చి, అడగకుండా చేలో దిగేవాడు. దొరల బంగళాలకు సున్నం వేయించే మనిషిని కాదనడం ఎలా?

ఒక ఆదివారం పొద్దున్నే పంతులుగారు హద్దురాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఎర్రగుడ్డ చుట్టారు. అమ్మవారిని బూట్లతో దాటిపోడు కదా అని ఆయన ఎత్తు.

"అమ్మవారితో ఆటలేటండీ?" అంది భార్య బాలాంబ. "మీ జొరానికి నేను మొక్కిన కొబ్బరికాయే ఎనిమిదేళ్లుగా బాకీ."

"ఏ తల్లికి మొక్కేవో నీకే తెలీదు. ఎక్కడని కొట్టను?"

"నా మాట విన్న తల్లికి."

ఎత్తు పారింది. అప్పలస్వామి రాయిని చూసి బూట్లు విప్పాడు, చెంపలు వేసుకున్నాడు. "తల్లీ, ఎరగక తొక్కీసేను. ఇయ్యాల నాకో కుందేలు సూపించు, సీర పెడతాను" అని మొక్కి, పక్కనున్న తుప్పల్లోకి వెళ్లాడు.

గంటలో రెండు కుందేళ్లు దొరికాయి.

మరుసటి ఆదివారం చీర వచ్చింది. చీరతోపాటు అప్పలస్వామి ఎరిగిన తుపాకులన్నీ వచ్చాయి. ఏడింటిని రాయి ముందు వరసగా పడుకోబెట్టి, గొట్టాలకు బొట్లు పెడుతున్నారు. వాళ్ల వెనక పెసర మొక్కల్లో లేడి చెవులు కదిలాయి.

"మీ సేలో ఏట సూపించే తల్లి ఎలిసిందని సెప్పరేటండీ పంతులుగారూ! పూజ మీరే సెయ్యాల. సెలవైతే ఇయ్యాల లేడినే కొడతాం" అన్నాడు అప్పలస్వామి.

పంతులుగారు లేడి వైపు చూశారు. బాలాంబ కుంకుమ భరిణె చేతికిస్తూ మెల్లగా అంది: "తల్లిని పెట్టింది మీరే కదా. తల్లికేటి కావాలో కూడా మీరే సెప్పండి."

ఆయన ఏడు నొసళ్లకూ దట్టంగా బొట్టు పెట్టారు. తరవాత గొంతు సవరించుకున్నారు.

"ఈ బొట్టు పెట్టుకున్నోళ్లు నలభై రోజులు నీసు ముట్టకూడదు, తుపాకీ పట్టకూడదు."

"అదేటండీ! మా ఊరి ఠాకురాణి తల్లి కోడిపుంజునడుగుద్ది!"

"ఆ తల్లి మీ ఊళ్లో ఎలిసింది. ఈవిడ నా పెసర సేలో ఎలిసింది. వడపప్పు తప్ప ఎరగదు."

"ముందే సెప్పొచ్చు గదా బాబూ?"

"ముందే అడిగి సేలో దిగొచ్చు గదా నాయుడూ?"

అతని వెంట వచ్చిన కాసులు గుట్టుగా నొసలు తుడుచుకోబోయాడు. అప్పలస్వామి ఆ చేతిమీద ఒక్కటి వేశాడు. "సెరపకురా, కళ్లు పోతాయి!"

ఆ నలభై రోజుల్లోనూ అప్పలస్వామి ఏ ఆదివారమూ తప్పకుండా వచ్చాడు, ఉత్త చేతులతో. తాను తినలేనిది ఇంకొకడు తినకూడదన్న పట్టుదలతో, కొత్త తుపాకీ ఏది కనబడినా గట్టుమీద నుంచే తరిమేశాడు. లేడి ఈనింది. పెసలు ఇంటికి చేరేసరికి పిల్లతో సహా గుట్టల్లోకి వెళ్లిపోయింది.

ఆఖరి రోజున బాలాంబ కొబ్బరికాయ తెచ్చింది.

"ఈవిడ విన్నట్టే ఉందండీ" అంది.

పంతులుగారు ఈసారి వాదించలేదు. హద్దురాయి ముందు కాయ కొట్టారు. లోపల తెల్లగా, తీయగా ఉంది. అప్పలస్వామి ఒక చిప్ప అడిగి తీసుకున్నాడు. ఆ చేలో అతను అడిగి తీసుకోవడం అదే మొదటిసారి.