అర అంగుళం శాస్త్రం

ఓడిపోవడం అదృష్టం. ఈ మాట ఇంకెవరైనా అంటే ఓదార్పు అనుకోవచ్చు. లేక్‌పోర్ట్ వాళ్ళం మేము అన్నామంటే మాత్రం అనుభవం మీద అన్నట్టే. పందొమ్మిదేళ్ళుగా, చేత్తో బంతి విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్‌లో మా జట్టు స్టోకర్స్ ఈ అదృష్టాన్ని ఒక్క ఏడాది కూడా చేజారనివ్వలేదు.

ఎందుకు అదృష్టమంటారా? ఇక్కడి పద్ధతి అలాంటిది. ఏటా ఏప్రిల్లో, కాలేజీల్లో ఆడి బయటికొచ్చిన కుర్రాళ్ళను పెద్ద జట్లు వంతులవారీగా ఒక్కొక్కణ్ణి ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటాం. కిందటేడు అందరికన్నా ఎక్కువ ఓడినవాడికి మొదటి వడ్డన. గెలిచినవాడు చివరి పంక్తిలో కూర్చుని మిగిలింది తినాలి. ఇంతకన్నా ధర్మమైన ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

గెలిచే ఊళ్ళను చూస్తే నాకు నిజంగా జాలి. శీతాకాలంలో ఒక కప్పు ఎత్తుకుని, ఒకరోజు ఊరేగి, ఇంటికెళ్ళి పడుకుంటారు. అంతటితో సరి. మేము అక్టోబరు మూడోవారానికే ఆశ వదిలేస్తాం కాబట్టి, అక్కణ్ణించి ఏప్రిల్ దాకా మాకు ఆరు నెలల పండగ! ఏ కుర్రాడి అరచెయ్యి ఎంత వెడల్పు, ఎవడు నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, ఆ సెకన్ల మీద వందో వంతులెన్ని, అన్నీ మాకు కంఠతా వచ్చు. మా బావమరిది గస్‌కు తన పెళ్ళిరోజు గుర్తుండదు. మిస్సోరీలో ఎవడో కుర్రాడి జాన ఎన్ని అంగుళాలో అడగండి, నిద్రలో కూడా చెబుతాడు.

అసలు లోకంలో ఒక మనిషిని ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఇంకెవరున్నారు? గుండెకు కోత పెట్టే డాక్టరు దగ్గరికి వెళ్తాం. ఆయన నిలుచున్న చోటి నుంచి ఎంత ఎత్తు ఎగరగలడో అడిగామా? మేయరుకు ఓటేస్తాం. నడుముకు తాడు కట్టి ఇనప బండి లాగించామా? నా భార్య నన్ను చేసుకునే ముందు ఒక్క కొలత కూడా తీయలేదు. ఆ పొరపాటు తలుచుకుని ఇప్పటికీ బాధపడుతుంటుంది.

స్టోకర్స్‌కు ఒక కుర్రాడు కావాలంటే అలా కాదు. వాణ్ణి చెడ్డీ మీద వేదిక ఎక్కిస్తారు. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు చుట్టూ చేరి చేతులు, కాళ్ళు, మెడ, పిక్కలు కొలిచి రాసుకుంటారు. ఆ పైన గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, "నువ్వు చెట్టుగా పుట్టుంటే ఏ చెట్టుగా పుట్టేవాడివి?" అని అడుగుతారు. ఫుట్‌బాల్ ఆడటానికి దీని జవాబు ఎంత అవసరమో మీకు తెలియదంటే మీరు నిపుణులు కారన్నమాట.

నేను నిపుణుణ్ణి. ఇరవై ఆరేళ్ళుగా ఈ పత్రికలో డ్రాఫ్ట్ గురించి రాస్తున్నాను. ఒక్కసారి కూడా నా జోస్యం ఫలించలేదు. అయినా నా ఉద్యోగానికి ఢోకా లేదంటే, ఈ శాస్త్రానికి ఊళ్ళో ఎంత మర్యాద ఉందో మీరే ఊహించుకోండి.

ఇక ఈ ఏడాది సంగతి. స్టోకర్స్ అవసరం ఏమిటో మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. బంతి విసిరే ఆటగాడు కుడి పక్కకు తిరిగి విసురుతాడు. ఎడమ పక్కనుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. అందుకని అక్కడ ఒక కాపలావాడు కావాలి, పర్వతంలాంటివాడు. మా జట్టులో ఆ చోటు తలుపు లేని గుమ్మంలా ఉంది. కిందటి సీజన్‌లో మా విసిరేవాణ్ణి డెబ్బై ఒక్కసార్లు వెల్లకిలా పడగొట్టారు. అతనికి ఇప్పుడు మబ్బుల్లో రకాలన్నీ తెలుసని విన్నాను.

ఆ కాపలావాణ్ణి వెతికే భారం జట్టు మేనేజరు ఒక్కడి మీదే వదిలేస్తే ఎలా? అందుకని ఈస్టర్‌కు ముందు, మాంసం మానే శుక్రవారాల్లో, మా చర్చి కింది హాల్లో చేపల వేపుడు తింటూ మా కమిటీ సమావేశమవుతుంది. కమిటీ అంటే గస్, నేను, మెర్ల్. మెర్ల్ రైతు. నలభై ఏళ్ళు జిల్లా సంతలో కోడెలకు బహుమతులు నిర్ణయించిన మనిషి. మా బోర్డు ఆదివారం బడి నుంచి అరువు తెచ్చింది. ఒక మూల నోవహు ఓడ, రెండు జిరాఫీలు ఇంకా చెరగలేదు. మిగతా జాగాలో నూట నలభై మంది కుర్రాళ్ళ పేర్లు, కొలతలు.

ఆ హాల్లో చేపలు వేయించేది బెర్నడెట్ స్టహూరా. పద్నాలుగేళ్ళుగా ఆ పెనం ఆవిడదే. ఆవిడ కొడుకు లియో పేరు కూడా మా బోర్డు మీద ఉంది. నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న కాలేజీకి ఎడమ పక్క కాపలా కాస్తాడు. పోయిన సీజన్‌లో పదకొండు ఆటల్లో అతన్ని దాటి ఒక్క పురుగు కూడా లోపలికి పోలేదని ఆ కాలేజీవాళ్ళు చెబుతారు. కాలేజీలు చాలా చెబుతాయి. శాస్త్రం అడిగేది వేరు.

"చేతులెంత?" అన్నాడు గస్, చేప ముల్లు తీసుకుంటూ.

"ముప్పై రెండున్నర," అన్నాను.

"ఛ. ముప్పై మూడుండాలి కదా బావా."

"ఉండాలి."

"అర అంగుళం. పోయాడు పాపం." గస్ బోర్డు దగ్గరికి వెళ్ళి లియో పేరు కింది నుంచి మూడో వరసలో రాశాడు.

మెర్ల్ ఫోర్కు కింద పెట్టాడు. "ఒరే, సంతలో నేనెప్పుడైనా కోడెను కట్టేసి కొలిచానా? తోలమనేవాణ్ణి. నడక చూస్తే తెలిసిపోదూ? మీరు ఆ కుర్రాడి ఆట చూశారా, చూడలేదా?"

"ఆట చూసి ఎవడైనా చెప్తాడు పెద్దాయనా. కొలిచి చెప్పేదే లెక్క," అన్నాడు గస్.

"సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికే రకం మీరు," అని మెర్ల్ మళ్ళీ చేప మీద పడ్డాడు.

అప్పటికి బెర్నడెట్ క్యాబేజీ గిన్నె పట్టుకుని మా వెనకే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మాలో ఎవరం చూడలేదు.

"ఎవరి చేతులు పొట్టి?" అంది.

గస్ జిరాఫీల వైపు చూశాడు.

"పోయిన జనవరిలో ఈ చర్చి మెట్ల మీది మంచు మొత్తం ఎత్తిపోసిన చేతులేనా? అప్పుడు బాగానే అందాయే మరి. నీ కారు గుంటలో పడితే తోసిన చేతులు కూడా అవే కదా గస్?"

"అది కాదు బెర్నడెట్, ఇది వేరే రకం కొలత..."

ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. "చూడు వాల్ట్, వాడు పెద్ద జట్టులో ఆడకపోతే నేనేం చచ్చిపోను. ఎడ్ సంగతే నా బెంగ. ఆ నడుముతో కారులో ఇరవై నిమిషాలకన్నా ఎక్కువ కూర్చోలేడు. నాలుగేళ్ళు కాలేజీలో ఆడితే వాడి ఆట ఒక్కటీ చూడలేకపోయాడు. స్టోకర్స్ మైదానం మా ఇంటికి పావుగంట. అంతే నేను కోరేది."

ఎడ్ ఆవిడ భర్త. రేవులో ఇనప ఖనిజం దించే క్రేన్ కింద నడుము పోగొట్టుకున్నాడు. ఇది మానవీయమైన విషయమే. నాకు బాధ కలిగింది, దాచుకోను. అయితే బాధకు మా బోర్డు మీద గడి లేదు.

ఆ ఆదివారం నా వ్యాసం వచ్చింది. "స్టహూరా మన ఊరి మంచి కుర్రాడు. కానీ మంచితనం చేతులను పొడిగించదు. అర అంగుళం చిన్న విషయం కాదు. స్టోకర్స్ ఈ సాహసం చేయరాదు" అని రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. బరువైన వాక్యాలన్నారు.

మా మేనేజరు అప్పటిదాకా ఊగిసలాడుతున్నాడట. సొంత ఊరి కుర్రాణ్ణి తీసుకుంటే జనం సంబరపడతారని ఒక మనసు, అర అంగుళం అని ఇంకో మనసు. ఆఖరి మీటింగులో నా వ్యాసం కత్తిరింపు బల్ల మీద పెట్టి, "ఊరి పత్రికే వద్దంటోంది, రేపు మనల్నెవరూ అనరు" అన్నాడని ఆ గదిలో కాఫీ పోసినావిడ నాకు చెప్పింది. ఒక కలం పోటుకు ఇంత బలముంటుందని నాకు అంతకుముందు తెలియదు!

డ్రాఫ్ట్ రోజున మొదటి వంతు మాది. అదృష్టమని ముందే చెప్పాను కదా. ఐడహో నుంచి ఓకర్లండ్ అనే కుర్రాణ్ణి తీసుకున్నాం. చేతులు ముప్పై ఆరు అంగుళాలు! నిటారుగా నిలబడి మోకాళ్ళు గోక్కోగలడు. మొన్నటిదాకా వాలీబాల్ ఆడి, ఒక్క ఏడాదే ఫుట్‌బాల్ ఆడాడు. దాని గురించి ఎవరూ కంగారు పడలేదు. ఆట నేర్పించవచ్చు, చేతులు నేర్పించలేం కదా. ఇక చెట్టు ప్రశ్నకు "సీక్వోయా" అన్నాడట, లోకంలోకెల్లా భారీ చెట్టు. గదిలో ఇద్దరు లేచి నిలబడ్డారట.

లియోను మూడో విడత ఎంపికల్లో రెండు వేల మైళ్ళ అవతలి ఎడారి జట్టు ఒకటి తీసుకుంది. ఆ జట్టువాళ్ళు టేపు మరిచిపోయి వచ్చి ఉంటారు.

ఇప్పుడు అక్టోబరు. శాస్త్రం ఏం సాధించిందో చూద్దాం. ఆరు ఆటల్లో మా విసిరేవాడు ముప్పై తొమ్మిదిసార్లు పడ్డాడు. ఓకర్లండ్ నిలబడి ఉంటాడు. అవతలివాడు పక్కనుంచి దూసుకుపోతాడు. అప్పుడు ఆ పొడుగాటి చెయ్యి పైకి లేస్తుంది, రైలెక్కినవాడికి వీడ్కోలు చెప్పినట్టు. ఎంత దూరంలో ఉన్నవాడికైనా కనపడుతుంది. ముప్పై రెండున్నర అంగుళాల చేతులవాడు ఈ పని చేయగలడా? ఆరూ ఓడాం. వచ్చే ఏప్రిల్లో మొదటి వంతు మళ్ళీ మాదే అయ్యేట్టుంది.

ఎడారిలో లియో కాపలా కాసే మనిషి ఈ ఆరు ఆటల్లో ఒక్కసారీ కింద పడలేదు. ఆ జట్టు ఐదు గెలిచింది. పాపం, వాళ్ళ వంతు ఏ ముప్పయ్యోదో అవుతుంది.

ఇన్ని లాభాలున్నా ఈ మధ్య కొందరు పాఠకులు నాకు ఉత్తరాలు రాస్తున్నారు. కొలతలు కొలిచినవాళ్ళను ఎవరు కొలుస్తారని ఒకాయన అడిగాడు. అసభ్యమైన ప్రశ్న. మేనేజరుకు తొమ్మిదేళ్ళ అనుభవం, నాకు ఇరవై ఆరు. మా ఇద్దరినీ ఎవరూ వేదిక ఎక్కించలేదు. ఎక్కించకపోవడమే కదా నిపుణుడి హోదా!

సరే, ఇంతదాకా వచ్చాక ఈ శాస్త్రం అసలు గుట్టు కూడా చెప్పేస్తాను. అర అంగుళం తప్పయితే అది టేపు తప్పు. ఎవరూ నన్ను పట్టుకోలేరు. "ఈ కుర్రాడు బాగా ఆడతాడు, నేను చూశాను" అని రాసి, అది తప్పయితే? ఆ తప్పు నాది. నా కళ్ళది. ఆ సాహసం మేనేజరు చేయడు, నేను చేయను, గస్ అసలే చేయడు. మమ్మల్ని మేము కాపాడుకోవడానికి కుర్రాళ్ళ చేతులు కొలుస్తాం. విసిరేవాడికి కాపలా దొరక్కపోయినా మాకు దొరికింది.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక బెర్నడెట్ కారు దగ్గర కనిపించింది. నేనే వెళ్ళి పలకరించాను. లియో ఎలా ఉన్నాడని అడిగాను. బాగున్నాడంది. ఎడ్ టీవీలో చూస్తున్నాడట. కూర్చోలేడు కాబట్టి ఆట మొత్తం సోఫా వీపు పట్టుకుని నిలబడే చూస్తాడట. మూడు గంటలు.

నేను గొంతు సవరించుకుని, ఆ రోజు నేను రాసినదాని వెనక ఉన్న లెక్క వివరించాను. గత పదేళ్ళలో ముప్పై మూడుకు తక్కువ చేతులున్నవాళ్ళు ఎంతమంది నిలదొక్కుకున్నారు, ఎంతమంది లేదు, శాతాలతో సహా చెప్పాను. ఆవిడ తాళంచెవి చేతిలో పట్టుకుని ఓపిగ్గా విన్నది.

"నువ్వు అబద్ధం రాశావని నేననలేదు వాల్ట్," అంది. "వాడి చేతులు ముప్పై రెండున్నరే. టైలరు కొలిచాడు, నాకూ తెలుసు. కానీ ఎడ్ రాలేడని ఎడ్ టికెట్టు నీకిస్తే, పదకొండు ఆటలూ నా పక్కనే కూర్చుని చూశావు కదా. ప్రతి శనివారం తిరిగొచ్చి, ఎడ్ మంచం పక్కన కుర్చీ వేసుకుని, లియో ఎలా ఆడాడో గంటసేపు చెప్పేవాడివి. లేచి నిలబడి చేసి చూపించేవాడివి కూడా. ఇలాంటివాణ్ణి ఇరవై ఆరేళ్ళలో చూడలేదు ఎడ్, అన్నావు. అదే రాయకపోయావా?"

ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది.